విమానం రేడియోలు, ఐఎల్‌ఎస్, వీఓఆర్, ఏటీసీ: మళ్లీ మళ్లీ వచ్చే డౌట్లన్నీ ఒకేచోట

నేను ఎయిర్‌పోర్ట్‌లో ఎలక్ట్రానిక్స్ సైడ్ పని చేశానని తెలిసిన దగ్గర్నుంచి జనం వదలట్లేదు. పెళ్లిలో భోజనాల బంతిలో కూర్చున్నా సరే పక్కాయన "బాబూ, రన్‌వే చివర ఆ ఎర్ర కంచె ఏంటి" అంటారు, ఇంకొకాయన "ఢిల్లీలో మంచులో దిగిన ఫ్లైట్ గన్నవరంలో ఎందుకు దిగదు" అంటారు. ఒక్కొక్కళ్లకీ విడివిడిగా టైప్ చేసి విసుగొచ్చి అన్నీ ఇక్కడ పెట్టేశా. ఏటీసీ అంటే కింద నుంచి విమానాలకి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, వీఓఆర్ దారిలో దిక్కు చూపే స్టేషన్, ఐఎల్‌ఎస్ దిగేటప్పుడు రన్‌వేకి దారి చూపేది. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ముందు బేసిక్ డౌట్లు

పైలట్లు ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడతారు? మన ఎఫ్‌ఎం రేడియోలో ఎందుకు వినపడదు?

మీ కారులో ఎఫ్‌ఎం ట్యూన్ చేసుకుంటూ పోతే 108 దగ్గర ఆగిపోతుంది కదా, సరిగ్గా అక్కడి నుంచే విమానాల బ్యాండ్ మొదలవుతుంది. 108 నుంచి దాదాపు 118 మెగాహెర్ట్జ్ దాకా దారి చూపించే సిగ్నల్స్ ఉంటాయి, 118 నుంచి 137 దాకా మాటలు. మన ఎఫ్‌ఎం సెట్ అంత పైకి ట్యూన్ అవ్వదు, అయినా అర్థం కాదు, ఎందుకంటే వీళ్లు వాడేది ఎఫ్‌ఎం కాదు ఏఎం. ఇలా పక్కపక్కనే ఉండటం వల్లే పర్మిషన్ లేకుండా పెట్టిన ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ అంటే ఎయిర్‌పోర్ట్ వాళ్లకి భయం, అది సరిగ్గా లేకపోతే దాని చెత్తంతా వచ్చి ఈ బ్యాండ్‌లో పడుతుంది.

ఇన్ని డిజిటల్ టెక్నాలజీలు వచ్చాక కూడా పాతకాలం ఏఎం ఎందుకు సార్?

ఈ ప్రశ్న ఇంజనీరింగ్ పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ గెలుస్తుంది, బలహీనమైనది మాయమైపోతుంది, అసలు ఇంకొకళ్లు మాట్లాడారని కూడా తెలీదు. ఏఎంలో అలా కాదు, ఇద్దరూ కలిసి కీచుమని అరుపు వస్తుంది. వినేవాడికి కనీసం "ఎవరో ఇద్దరు ఒకేసారి నొక్కారు" అని తెలుస్తుంది, మళ్లీ చెప్పమని అడగొచ్చు. ఎంత దూరంలో ఉన్న బలహీనమైన గొంతైనా వినపడే అవకాశం ఉండాలి అనేది ఇక్కడ లెక్క.

కానీ ఆ కీచుమన్న శబ్దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1977 మార్చి 27న స్పెయిన్ వాళ్ల టెనెరిఫే దీవిలో తెలిసింది. మంచులో రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు. కేఎల్‌ఎం విమానం టేకాఫ్ మొదలుపెట్టేసింది. కంట్రోలర్ "ఆగు, నేను పిలుస్తా" అంటున్నాడు, అదే క్షణంలో పాన్ ఆమ్ వాళ్లు "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అంటున్నారు. రెండూ ఒకదాని మీద ఒకటి పడి కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో ముఖ్యమైన ఆ ముక్కల దగ్గర కీచు శబ్దమే మిగిలింది. 583 మంది పోయారు, ఇప్పటికీ విమాన ప్రమాదాల్లో అదే పెద్దది. ఆ తర్వాతే టేకాఫ్ అనే మాటని నిజంగా టేకాఫ్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు, ఇచ్చింది వెనక్కి తీసుకునేటప్పుడు తప్ప వాడకూడదు, మిగతా అన్ని చోట్లా డిపార్చర్ అనాలి అని రూల్ వచ్చింది.

ఒక స్టేషన్ నుంచి ఎంత దూరం వినపడుతుంది?

కంటి చూపు లెక్కే. భూమి గుండ్రం కాబట్టి విమానం ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం. 35,000 అడుగుల్లో ఉంటే దాదాపు 425 కిలోమీటర్లు, 1,000 అడుగుల్లో ఉంటే 70 చిల్లర. అడుగుల్లో ఉన్న ఎత్తుకి వర్గమూలం తీసి 1.23తో గుణిస్తే నాటికల్ మైళ్లు వస్తాయి, లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు వేసుకోండి.

ఏటీసీ మాటలు ఇంట్లో కూర్చుని వినొచ్చా? ఆన్‌లైన్‌లో స్కానర్ అమ్ముతున్నారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వింటారు, అక్కడ అది మామూలు హాబీ. ఇండియాలో పబ్లిక్‌కి ఆ వెసులుబాటు లేదు, వైర్‌లెస్ సెట్లకి లైసెన్స్ పద్ధతి ఉంది. హామ్ లైసెన్స్ (హాబీ రేడియో వాళ్లకి ఇచ్చేది) ఉన్నా అది హామ్ బ్యాండ్లకే, విమానాల బ్యాండ్‌కి కాదు. అమ్ముతున్నారు కదా అని కొనకండి, ముఖ్యంగా ట్రాన్స్‌మిట్ చేయగలిగిన చైనా వాకీటాకీలు అసలే వద్దు, పొరపాటున బటన్ నొక్కితే సరదా కాస్తా కేసు అవుతుంది.

పైలట్, కంట్రోలర్ ఇద్దరూ తెలుగోళ్లే అయితే తెలుగులో మాట్లాడుకోవచ్చా?

చాలామందికి ఇదే ఫేవరెట్ ప్రశ్న. మాట్లాడుకోరు. కారణం ఏంటంటే ఆ ఫ్రీక్వెన్సీ ఇద్దరి సొంతం కాదు, అందులో అదే టైంకి పది విమానాలు వింటూ ఉంటాయి. శంషాబాద్‌లో దిగబోతున్న దుబాయ్ విమానం పైలట్‌కి, తన ముందున్నవాడికి ఏ ఎత్తు ఇచ్చారో, రన్‌వే మీద ఎవరున్నారో ఆ మాటలు విని బుర్రలో ఒక బొమ్మ గీసుకోవాలి. "అన్నా కొంచెం ఆగు" అంటే ఆ బొమ్మలో రంధ్రం పడినట్టే. ఇంగ్లిష్ పరీక్ష కూడా ఉంటుంది, ఆరు లెవెల్స్‌లో కనీసం నాలుగు రావాలి. నాలుగు అంటే షేక్స్‌పియర్ ఇంగ్లిష్ కాదు, అవతలివాడికి అర్థమయ్యేలా మాట్లాడటం, అర్థం కానప్పుడు మొహమాటపడకుండా అడగటం. యాస ఉన్నా పర్లేదు.

నైనర్, ట్రీ, ఫైఫ్ అంటూ అంకెల్ని అలా ఎందుకు పలుకుతారు?

గరగరలో ఫైవ్, నైన్ రెండూ ఒకేలా వినపడతాయి, అందుకని ఒకటి ఫైఫ్ ఇంకోటి నైనర్. త్రీ అనేది చాలా భాషలవాళ్లకి నోరు తిరగదు, అందుకే ట్రీ. అక్షరాలకి ఆల్ఫా, బ్రావో, చార్లీ కూడా ఇదే బాపతు. ఫోన్‌లో బ్యాంకువాళ్లకి పేరు చెప్పేటప్పుడు "బి ఫర్ బాంబే" అంటామే, అదే పని, కాకపోతే ప్రపంచమంతా ఒకటే లిస్టు.

రోజర్ అంటే "సరే, చేస్తా" అనే కదా?

కాదు. రోజర్ అంటే "నువ్వు చెప్పింది మొత్తం వినపడింది" అంతే. చేస్తా అనడానికి విల్కో. అవును అనడానికి అఫర్మ్. ముఖ్యమైనవి, అంటే రన్‌వే నంబర్, ఎత్తు, క్లియరెన్స్ లాంటివి రోజర్ అని ఊరుకుంటే సరిపోదు, విన్నది విన్నట్టు తిరిగి చదివి వినిపించాలి, కంట్రోలర్ అది సరిగ్గా ఉందో లేదో మళ్లీ వినాలి. నా అనుభవంలో మెషీన్లు చెడిపోయి వచ్చే తలనొప్పి కన్నా ఈ తిరిగి చదవడంలో అజాగ్రత్త వల్ల వచ్చే తలనొప్పే ఎక్కువ.

## గేటు దగ్గర నుంచి టేకాఫ్ దాకా

టవర్‌లో ఒక్కళ్లే కూర్చుని అందరితోనూ మాట్లాడతారా?

చిన్న ఎయిర్‌పోర్ట్‌లో దాదాపు అంతే. పెద్దచోట్ల పని పంచుకుంటారు. ముందు డెలివరీ అని ఒక ఫ్రీక్వెన్సీ, రూట్ క్లియరెన్స్ ఇస్తుంది. తర్వాత గ్రౌండ్, గేటు నుంచి రన్‌వే దాకా విమానం నేల మీద నడిచే టాక్సీ దారి చెప్తుంది. రన్‌వే మొత్తం టవర్ చేతిలో ఉంటుంది, ఎక్కడానికైనా దిగడానికైనా వాళ్ల మాటే. లేచాక అప్రోచ్ కంట్రోల్, ఇంకా పైకెళ్తే ఏరియా కంట్రోల్. అద్దాల గదిలో కూర్చుని బయటికి చూసేది టవర్ వాళ్లే, మిగతావాళ్లలో చాలామంది కింద కిటికీలు లేని రూముల్లో రాడార్ స్క్రీన్ల ముందు ఉంటారు. ఇండియా మొత్తం ఆకాశాన్ని ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అని నాలుగు ఎఫ్‌ఐఆర్‌లుగా (పోలీసు ఎఫ్‌ఐఆర్ కాదు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్) పంచుకున్నారు, హైదరాబాద్ చెన్నై కిందకి వస్తుంది. ఎయిర్‌పోర్ట్ ప్రైవేటుదైనా ఏటీసీ మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదే. విశాఖపట్నం కథ వేరు, అది నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగా, అక్కడ ఏటీసీ నేవీది.

పైలట్లు "ఇన్ఫర్మేషన్ బ్రావో" అంటుంటారు, ఏంటది?

ఏటిస్ అని ఒక రికార్డు ఉంటుంది, గాలి ఎటు వీస్తోంది, ఎంత దూరం కనిపిస్తోంది, ఏ రన్‌వే వాడుతున్నారు ఇవన్నీ గొంతు విరామం లేకుండా చదువుతూనే ఉంటుంది. కొత్త వాతావరణ వివరం వచ్చినప్పుడల్లా మార్చి కొత్త అక్షరం పెడతారు. పైలట్ "నా దగ్గర బ్రావో ఉంది" అంటే తాజాది వినేశాడని, కంట్రోలర్ మళ్లీ అదంతా చదవక్కర్లేదని.

టికెట్ మీద 6ఈ అని ఉంటుంది, రేడియోలో ఐఫ్లై అంటారంట, నిజమా?

నిజమే. ఇండిగో కాల్‌సైన్ ఐఫ్లై. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌ది ఎక్స్‌ప్రెస్ ఇండియా. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అయితే స్పీడ్‌బర్డ్, భలే పేరు. టికెట్ కోడ్ అమ్ముకునేవాళ్ల కోసం, కాల్‌సైన్ చెవి కోసం.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే నిజంగా కూలిపోతుందా?

కూలిపోదు, ఒక్క ఫోన్‌కి విమానం కూలేటట్టయితే సెక్యూరిటీలోనే లాగేసుకునేవాళ్లు. అసలు ఇబ్బంది వేరు. పాత టీవీ పక్కన ఫోన్ పెడితే కాల్ వచ్చే ముందు టిడిక్ టిడిక్ అని వచ్చేది గుర్తుందా, అదే శబ్దం పైలట్ హెడ్‌సెట్‌లో వస్తే? సరిగ్గా కంట్రోలర్ ఎత్తు చెప్తున్నప్పుడు వస్తే? పైగా గాల్లో టవర్ దొరక్క ఫోన్ ఫుల్ పవర్‌లో వెతుకుతుంది, అలాంటివి 180 ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. చిన్న బటనే కదా, నొక్కేయండి.

ఢిల్లీలో ఏదో మెసేజ్ సిస్టమ్ చెడిపోతే వందల ఫ్లైట్లు ఎందుకు లేటయ్యాయి? రేడియో పనిచేయలేదా?

2025 నవంబర్ మొదటి వారం సంగతి కదా. రేడియోలు, రాడార్లు బాగానే ఉన్నాయి. పోయింది ఏఎంఎస్‌ఎస్, అంటే ఎయిర్‌పోర్టుల మధ్య మెసేజ్‌లు చేరవేసే పోస్టాఫీసు లాంటిది. ప్రతి ఫ్లైట్‌కి ఒక ఫ్లైట్ ప్లాన్ ఉంటుంది, అది దీని ద్వారానే వచ్చి కంట్రోలర్ స్క్రీన్ మీద దానంతట అదే పడుతుంది. అది ఆగేసరికి ప్లాన్లన్నీ చేత్తో ఎక్కించాల్సి వచ్చింది. ఢిల్లీ లాంటి చోట నిమిషానికి ఒకటికి పైగా కదలికలు ఉంటాయి, చేత్తో ఎన్ని ఎక్కిస్తారు? అందుకే కావాలనే స్పీడు తగ్గించారు. లేటు అయింది కానీ గాల్లో ఉన్నవాళ్లతో మాట తెగలేదు.

## పైకి వెళ్లాక

ఎయిర్‌పోర్ట్ దగ్గర గుండ్రటి ఇనుప పందిరి మీద కుండలు బోర్లించినట్టు ఉంటుంది, ఏంటది?

వీఓఆర్, ఇప్పుడు ఎక్కువగా ఉండేది దాంట్లో డాప్లర్ రకం. మధ్యలో ఒక యాంటెన్నా, చుట్టూ వలయంలో చిన్నవి, చాలా మోడళ్లలో 48. ఇది రెండు సిగ్నల్స్ పంపుతుంది, రెండూ 30 హెర్ట్జ్‌వే, ఒకటి అన్ని దిక్కులకీ ఒకేలా వెళ్తుంది, ఇంకోటి దిక్కుని బట్టి మారుతుంది. విమానంలో రిసీవర్ రెండిటికీ తేడా కొలిచి "నువ్వు స్టేషన్‌కి 140 డిగ్రీల గీత మీద ఉన్నావ్" అంటుంది. గుడి చుట్టూ దీపం తిప్పుతుంటే మన వైపుకి ఎప్పుడు వచ్చిందో చూసి మనం ఏ పక్క నిలబడ్డామో చెప్పినట్టు. ప్రతి స్టేషన్ తన పేరు మోర్స్‌లో కొడుతూ ఉంటుంది, పైలట్ అది పోల్చుకున్నాకే నమ్ముతాడు. రిపేరులో ఉన్నప్పుడు మేం ఆ మోర్స్ తీసేస్తాం, అంటే "నన్ను నమ్మొద్దు" అని దాని భాష.

డీఎంఈ దూరం ఎలా కొలుస్తుంది?

విమానం ఒక జత పల్స్‌లు పంపి అడుగుతుంది, కింద స్టేషన్ 50 మైక్రోసెకన్లు ఆగి జవాబిస్తుంది, ఆ ఆగినది తీసేసి మిగిలిన టైమ్‌ని బట్టి దూరం. ఒక నాటికల్ మైలుకి రానూపోనూ 12.36 మైక్రోసెకన్లు. ఇందులో తమాషా ఏంటంటే అది కొలిచేది ఏటవాలు దూరం, 36,000 అడుగుల్లో సరిగ్గా స్టేషన్ నెత్తిమీద ఉన్నా సున్నా చూపించదు, దాదాపు 6 నాటికల్ మైళ్లు అంటుంది.

ఎన్‌డీబీ అని పాత పుస్తకాల్లో ఉంది, ఇంకా ఉందా?

ఉన్నాయి కానీ ఒక్కొక్కటే తీసేస్తున్నారు. అది మీడియం వేవ్ చుట్టుపక్కల పనిచేసే సాదా ట్రాన్స్‌మిటర్, విమానంలో సూది దానివైపు చూపిస్తుంది. ఆ సూదికి ఎన్‌డీబీ, ఆకాశవాణి అని తేడా తెలీదు, 738 కిలోహెర్ట్జ్‌కి ట్యూన్ చేస్తే హైదరాబాద్ ఆకాశవాణి టవర్ వైపు తిరిగేది. పాటలు వింటూ దారి పట్టుకోవచ్చు అన్నమాట! ఉరుములొస్తే మాత్రం మెరుపు ఎటుంటే అటు తిరిగేది, అందుకే దాన్ని ఎవరూ పూర్తిగా నమ్మలేదు.

జీపీఎస్ ఉండగా కోట్లు పెట్టి ఈ పాత స్టేషన్లు ఎందుకు నడుపుతున్నారు?

అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది, కొంచెం వివరంగా చెప్తా. జీపీఎస్ శాటిలైట్లు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, అక్కడి నుంచి మన దాకా వచ్చేసరికి సిగ్నల్ ఎంత బలహీనం అంటే కింద చిన్న పరికరంతో దాన్ని నొక్కేయొచ్చు. నొక్కేస్తే జామింగ్, అది పర్లేదు, జీపీఎస్ పోయిందని పైలట్‌కి తెలుస్తుంది. దొంగ సిగ్నల్ పంపి తప్పు స్థానం చూపిస్తే స్పూఫింగ్, అది ప్రమాదం, ఎందుకంటే స్క్రీన్ మీద అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇది ఎక్కడో యుద్ధం జరిగేచోట గొడవ అనుకునేవాళ్లం. 2025లో ఢిల్లీలో 10వ నంబర్ రన్‌వేకి జీపీఎస్ పద్ధతిలో వస్తున్న విమానాలకి స్పూఫింగ్ తగిలిందని విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారే రాజ్యసభకి రాతపూర్వకంగా చెప్పారు, ఇలాంటి రిపోర్టులు వచ్చిన చోట్లలో హైదరాబాద్ పేరు కూడా ఉంది. అప్పుడు విమానాల్ని ఏది కాపాడింది? ఈ పాత ఐఎల్‌ఎస్‌లు, వీఓఆర్‌లు, డీఎంఈలే. వీటిని మోసం చేయాలంటే పెద్ద పవర్‌తో స్టేషన్ పెట్టాలి, అది దొరక్కుండా ఉండదు. అందుకే కనీసం ఇన్ని గ్రౌండ్ స్టేషన్లు ఎప్పుడూ నడుస్తూ ఉండాలని ఒక పద్ధతి పెట్టుకున్నారు. విమానంలో ఇనర్షియల్ సిస్టమ్ కూడా ఉంటుంది, బయటి సిగ్నల్ ఏదీ లేకుండా తన కదలికని తానే లెక్కేసుకుంటుంది, కాకపోతే గంటగంటకీ కొంచెం జారుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని కొవ్వొత్తి పారేస్తామా?

ట్రాకింగ్ యాప్‌లో విమానాలు కనిపిస్తాయి కదా, ఆ సమాచారం ఎక్కడిది?

విమానమే చెప్తుంది. దాంట్లో ట్రాన్స్‌పాండర్ ఉంటుంది, 1090 మెగాహెర్ట్జ్‌లో తన స్థానం, ఎత్తు, వేగం పంపుతూ ఉంటుంది, ఇంటి మీద చిన్న రిసీవర్ పెట్టుకున్న ఔత్సాహికులు దాన్ని పట్టి యాప్‌కి ఇస్తారు.

కంట్రోలర్‌కి ఎత్తు కనిపించేది కూడా ఈ ట్రాన్స్‌పాండర్ వల్లే. మామూలు ప్రైమరీ రాడార్ అరిచి ప్రతిధ్వని వినడం లాంటిది, అక్కడేదో ఉందని తెలుస్తుంది కానీ ఎంత ఎత్తులో ఉందో తెలీదు. 1996 నవంబర్ 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ 747, కజకిస్థాన్ ఐఎల్-76 గుద్దుకుని 349 మంది చనిపోయినప్పుడు ఢిల్లీ కంట్రోలర్ దగ్గర ఉన్నది ప్రైమరీ రాడారే. కజక్ విమానం 15,000 అడుగుల్లో ఉండాలి, కిందకి దిగిపోయింది, ఆ సంగతి స్క్రీన్ మీద చూసి పట్టుకునే దారి లేదు. ఆ తర్వాతే ట్రాన్స్‌పాండర్‌ని అడిగి ఎత్తు తెలుసుకునే సెకండరీ రాడార్, వచ్చే పోయే దారులు విడదీయడం, విమానాల్లో టీకాస్ (ఇంకో విమానం మరీ దగ్గరికొస్తే పైలట్‌ని హెచ్చరించే పరికరం) తప్పనిసరి చేయడం ఇవన్నీ జరిగాయి.

శంషాబాద్ నుంచి సింగపూర్ వెళ్తుంటే బంగాళాఖాతం మధ్యలో ఎవరితో మాట్లాడతారు?

తీరం దాటి దూరం పోయాక వీహెచ్‌ఎఫ్, అంటే మొదట్లో చెప్పిన 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మాటల రేడియో, అందదు. అక్కడ హెచ్‌ఎఫ్, అంటే షార్ట్‌వేవ్. ఆకాశంలో అయానోస్ఫియర్‌కి తగిలి వంగి వస్తుంది కాబట్టి వేల కిలోమీటర్లు పోతుంది, కానీ గరగర భరించలేం. ఆ గరగర చెవిలో పెట్టుకుని గంటలు కూర్చోలేక సెల్‌కాల్ పెట్టారు, ఆ విమానం కోడ్ పంపితే కాక్‌పిట్‌లో గంట మోగుతుంది, అప్పుడు హెడ్‌సెట్ తీసుకుంటారు. ఇప్పుడు ఎక్కువ భాగం శాటిలైట్ ద్వారా టెక్స్ట్ మెసేజ్‌లే, దాన్ని సీపీడీఎల్‌సీ అంటారు.

## దిగేటప్పుడు

ఐఎల్‌ఎస్ అసలు ఎలా పనిచేస్తుంది? బుర్రకెక్కేలా చెప్పండి.

రన్‌వే వైపు చూస్తూ రెండు టార్చిలైట్లు పక్కపక్కన పెట్టారనుకోండి, దిగే పైలట్‌కి ఎడమవైపు పడేదానిలో 90 హెర్ట్జ్ మోత, కుడివైపుదానిలో 150 హెర్ట్జ్ మోత. సరిగ్గా మధ్య గీత మీద ఉంటే రెండూ సమానం. 90 ఎక్కువ వినపడితే ఎడమకి పోయావు, కుడికి రా అని సూది చూపిస్తుంది. ఇది లోకలైజర్, 108 నుంచి 112 మెగాహెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. ఇదే కిటుకు నిలువుగా చేస్తే గ్లైడ్ పాత్, అక్కడ పైన 90, కింద 150, ఫ్రీక్వెన్సీ 330 దరిదాపుల్లో. మామూలుగా 3 డిగ్రీల వాలు, అంటే ఒక నాటికల్ మైలు ముందుకెళ్తే 318 అడుగులు దిగాలి. అంతే, ఇందులో గ్రౌండ్ మీద మెషీన్‌కి విమానం ఎక్కడుందో తెలియను కూడా తెలీదు, అది ఊరికే గాలిలో దారి గీస్తూ ఉంటుంది.

రన్‌వే చివర ఎర్ర కంచె లాంటిది ఏంటి?

అదే లోకలైజర్ యాంటెన్నా. విమానం ఏ చివర దిగుతుందో దానికి అవతలి చివర ఉంటుంది, చాలామంది తిరగేసి అనుకుంటారు. విమానం వచ్చి గుద్దినా విమానానికి పెద్ద దెబ్బ తగలకుండా విరిగిపోయేలా కడతారు. గ్లైడ్ పాత్‌ది వేరే, రన్‌వే పక్కన విమానం చక్రాలు తగిలేచోటుకి దగ్గర్లో నిలువు స్తంభం.

గన్నవరంలో పొగమంచుకి ఫ్లైట్ తిరిగి తిరిగి హైదరాబాద్ వెళ్లిపోయింది, అదే మంచులో ఢిల్లీలో దిగుతున్నారు. మనకి ఐఎల్‌ఎస్ లేదా?

డిసెంబర్, జనవరి వచ్చిందంటే ఇదే గోల. ఐఎల్‌ఎస్ ఉంటే సరిపోదు, ఏ కేటగిరీ అనేది లెక్క. మన మామూలు ఎయిర్‌పోర్టుల్లో ఉండే కేటగిరీ వన్‌లో పైలట్ 200 అడుగుల దాకా దిగొచ్చు, అప్పటికి రన్‌వే లైట్లు కంటికి కనపడాలి, లేకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. రన్‌వే మీద కనీసం 550 మీటర్ల చూపు ఉండాలి. ఢిల్లీలో కేటగిరీ త్రీ బీ, 50 మీటర్లు కనిపించినా దిగొచ్చు.

మరి ఇక్కడా పెట్టొచ్చు కదా అంటారు. ఒక్క మెషీన్ మార్చితే అయ్యేది కాదు. రన్‌వే మధ్య గీత పొడవునా లైట్లు, కరెంటు పోతే ఒక్క సెకను లోపల మారే బ్యాకప్, ఎంత దూరం కనిపిస్తోందో కొలిచే పరికరాలు ఇంకా ఎక్కువ, విమానంలో ఆటోల్యాండ్, ట్రైనింగ్ అయిన పైలట్ ఇవన్నీ కలిసి ఉండాలి. ఢిల్లీలో మంచు వారాల తరబడి తెల్లవార్లూ కూర్చుంటుంది, గన్నవరంలో పొద్దున్నే ఎనిమిదిన్నర తొమ్మిదింటికి ఎండ తగిలితే పోతుంది. ఆ గంటన్నర కోసం అంత ఖర్చా అంటే నా ఓటు మాత్రం ఫస్ట్ ఫ్లైట్ టైమ్ కొంచెం వెనక్కి జరపడానికే. మీరు తిట్టుకోవచ్చు.

ఐఎల్‌ఎస్ ఉంటే విమానం దానంతట అదే దిగిపోతుందా?

దిగగలదు, కానీ రోజూ దిగదు. ఎక్కువ ల్యాండింగులు పైలట్ చేత్తోనే.

ఐఎల్‌ఎస్ రిపేరులో ఉంటే ఫ్లైట్ క్యాన్సిలేనా?

వాతావరణం బాగుంటే ఎవరికీ తెలియను కూడా తెలీదు. ముందే నోటామ్ (పైలట్లకి ఇచ్చే నోటీసు) ఇస్తారు, పైలట్లు వీఓఆర్ పద్ధతిలోనో శాటిలైట్ పద్ధతిలోనో లేకపోతే కంటితో చూసో దిగుతారు.

గగన్ వచ్చింది కదా, దానితో చిన్న ఎయిర్‌పోర్టులకి లాభం ఏంటి?

గగన్ అంటే ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేసింది. దేశంలో 15 చోట్ల రిఫరెన్స్ స్టేషన్లు జీపీఎస్‌లో ఎంత తప్పు వస్తోందో కొలుస్తాయి, ఆ సవరణని జీశాట్ శాటిలైట్ల ద్వారా విమానాలకి పంపుతారు. ఎత్తు కూడా నమ్మేంత కచ్చితంగా వస్తుంది కాబట్టి రన్‌వే దగ్గర ఐఎల్‌ఎస్ లేకపోయినా దాదాపు అలాంటి దారిలోనే దిగొచ్చు. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్ కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) ఇలాగే దిగింది. రోజుకి నాలుగైదు ఫ్లైట్లు వచ్చే ఊళ్లకి ఇది నిజంగా పనికొచ్చేది, కాకపోతే విమానంలో దానికి తగ్గ రిసీవర్ ఉండాలి.

## తేడా కొడితే

గాల్లో రేడియో పూర్తిగా పోతే ఏం చేస్తారు?

ముందు ఇంకో సెట్ చూస్తారు, రెండు మూడు ఉంటాయి. అన్నీ పోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెడతారు, కంట్రోలర్ స్క్రీన్ మీద అది ఎర్రగా అరుస్తుంది. అప్పుడు ఆ విమానం ఫ్లైట్ ప్లాన్ ప్రకారమే వస్తుందని అనుకుని మిగతావాళ్లని దారిలోంచి తప్పిస్తారు. దగ్గరికొచ్చాక టవర్ నుంచి లైట్ గన్ వేస్తారు: ఆగకుండా పచ్చ అంటే దిగు, ఆగకుండా ఎరుపు అంటే వేరేవాళ్లకి దారిచ్చి చక్కర్లు కొట్టు, ఎరుపు మిణుకుమంటే ఎయిర్‌పోర్ట్ బాగాలేదు దిగొద్దు. రైల్వే గార్డు జెండా లాంటి ఈ పద్ధతి ఇంకా సిలబస్‌లో ఉంది, టవర్లో ఆ గన్ ఇంకా వేలాడుతూనే ఉంటుంది.

7500, 7700 అంటే?

7500 హైజాక్, 7700 ఎమర్జెన్సీ. ఈ కోడ్‌లో 8, 9 అంకెలు ఉండవు, 0 నుంచి 7 దాకానే, అందుకే మొత్తం 4,096 కోడ్‌లే వస్తాయి. యాప్‌లో 7700 చూడగానే "విమానం కూలిపోతోంది" అని వాట్సాప్‌లో పెట్టకండి దయచేసి, ప్యాసింజర్‌కి గుండెనొప్పి వచ్చి తొందరగా దిగాలన్నా పెడతారు.

మేడేకి, పాన్ పాన్‌కి తేడా?

మేడే మూడుసార్లు అంటే ప్రాణాపాయం ఇప్పుడే ఉంది. పాన్ పాన్ మూడుసార్లు అంటే అర్జెంటే కానీ ఇంకా అంతదాకా రాలేదు. మేడే వినగానే ఆ ఫ్రీక్వెన్సీలో మిగతావాళ్లంతా నోరు మూసుకోవాలి.

121.5 అంటే ఏంటి?

ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ. ఏ ఫ్రీక్వెన్సీ గుర్తులేకపోయినా ఇది గుర్తుండాలి. ఒక సెట్ మీద దీన్ని వింటూ ఉంటారు, ఏటీసీతో మాట తెగిపోయిన విమానాన్ని పక్క విమానాలు ఇందులోనే పిలుస్తాయి. కూలిన విమానం నుంచి ఈఎల్‌టీ, అంటే అది ఎక్కడుందో చెప్పే ఎమర్జెన్సీ ట్రాన్స్‌మిటర్, పంపే సిగ్నల్ మాత్రం ఇప్పుడు శాటిలైట్లు వినేది 406 మెగాహెర్ట్జ్‌లో.

## ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఉండేవాళ్ల డౌట్లు

ఒక చిన్న విమానం మా ఊరి మీద పొద్దున్నుంచి కిందగా వచ్చి దిగకుండా వెళ్లిపోతోంది, ఏదైనా ప్రాబ్లమా?

కంగారు పడకండి, అది క్యాలిబ్రేషన్ విమానం అయ్యుంటుంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి సొంత ఫ్లైట్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఉంది. ఐఎల్‌ఎస్ గీసే దారి నిజంగా 3 డిగ్రీలే ఉందా, మధ్య గీత వంకర పోయిందా అని గాల్లో కొలిస్తేనే నమ్మకం. కాస్త ఎడమగా, కాస్త కుడిగా, కాస్త కిందగా కావాలనే తప్పుగా వచ్చి కూడా చూస్తారు. ఆ రోజు మా బతుకు షెల్టర్‌లోనే (ఐఎల్‌ఎస్ మెషీన్లు ఉండే చిన్న గది), పైనుంచి "కొంచెం పెంచు, ఇంకొంచెం" అంటుంటే మేం కింద తిప్పుతూ ఉంటాం, టీ కూడా అక్కడికే.

ఎయిర్‌పోర్ట్ దగ్గర 5జీ సరిగ్గా రావట్లేదు, కావాలని ఆపారా?

కొంత నిజం. విమానంలో రేడియో ఆల్టిమీటర్ అని ఉంటుంది, నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలుస్తుంది, 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్. మన 5జీలో ఒక భాగం 3.3 నుంచి 3.67. మధ్యలో ఖాళీ ఉంది కానీ రిస్కు ఎందుకని 2022 నవంబర్‌లో టెలికాం శాఖ రన్‌వే చివరల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్య గీత నుంచి 910 మీటర్ల లోపు ఈ బ్యాండ్ టవర్లు పెట్టొద్దంది.

ఇంటి మీద ఇంకో ఫ్లోర్ వేయాలంటే ఎన్‌ఓసీ ఎందుకు? విమానం తగలదు కదా అంత ఎత్తులో.

తగలడం ఒక్కటే కాదు. పెద్ద గోడ, ఇనుప షెడ్డు, హోర్డింగ్ ఇవి అద్దంలా సిగ్నల్‌ని తిప్పి కొడతాయి, అప్పుడు ఐఎల్‌ఎస్ గీత వంగుతుంది, రాడార్‌లో లేని విమానం కనిపిస్తుంది. ప్లాట్ కొనే ముందే కలర్ కోడెడ్ జోనింగ్ మ్యాప్ (ఎక్కడ ఎంత ఎత్తు కట్టొచ్చో రంగుల్లో చూపించేది) చూసుకోండి, బ్రోకర్ మాట నమ్మొద్దు.

తుఫాను వస్తే ఈ పరికరాలు ఏమవుతాయి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ ఎయిర్‌పోర్ట్‌ని ఎలా చేసిందో చూశారు కదా, పైకప్పులే కాదు నావిగేషన్ పరికరాలు కూడా దెబ్బతిని రోజుల తరబడి ఫ్లైట్లు ఆగాయి. యాంటెన్నాలు ఒక్క అంగుళం జరిగినా మళ్లీ క్యాలిబ్రేషన్ అవ్వాల్సిందే, నిలబెట్టి నట్లు బిగిస్తే పని అయిపోదు.

## ఉద్యోగాల గురించి

ఏటీసీ అవ్వాలంటే ఏం చదవాలి? పైలట్ లైసెన్స్ కావాలా?

అక్కర్లేదు. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ, లేదా ఇంజనీరింగ్. పోస్టు పేరు జూనియర్ ఎగ్జిక్యూటివ్, జనరల్ వాళ్లకి 27 ఏళ్ల లోపు. రాతపరీక్ష తర్వాత వాయిస్ టెస్ట్, మెడికల్ ఉంటాయి. ట్రైనింగ్ ప్రయాగ్‌రాజ్, గోందియా, మన బేగంపేటలో సెంటర్లు ఉన్నాయి. ఎంత మార్కులొచ్చినా ఒకేసారి మూడు మాటలు విని నాలుగోది చెప్పే తల ఉండాలి, నాకు లేదు, అందుకే నేను మెషీన్ల వైపు ఉన్నా.

ఈసీఈ చదివాను, ఏటీసీ వద్దు, ఈ పరికరాల మీద పని చేయాలి. దారి ఉందా?

ఉంది, జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఎలక్ట్రానిక్స్. గేట్ స్కోర్ మీద తీసుకుంటున్నారు, నోటిఫికేషన్ చూసుకోండి. షిఫ్టులు, ఎండలో రన్‌వే పక్కన పాములుండే గడ్డిలో షెల్టర్‌కి నడక, పండగపూట డ్యూటీ ఇవన్నీ ప్యాకేజీలో భాగం.

ఆర్‌టీఆర్ పరీక్ష ఇప్పుడు ఎవరు పెడుతున్నారు?

ఆర్‌టీఆర్ అంటే విమానం రేడియోలో మాట్లాడటానికి పైలట్లకి కావాల్సిన లైసెన్స్ పరీక్ష. ఇంతకు ముందు టెలికాం శాఖలో వైర్‌లెస్ లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ పెట్టేది. కొత్త విమానయాన చట్టం భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చాక, అంటే 2025 జనవరి 1 నుంచి ఇది విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ కిందకి వచ్చింది. పాత కోచింగ్ మెటీరియల్‌లో ఇంకా డబ్ల్యూపీసీ అనే ఉంటే అప్లికేషన్ విషయంలో దాన్ని పట్టుకోకండి, డీజీసీఏ సైట్ చూడండి. సిలబస్‌లో మాట్లాడే పద్ధతి ఎక్కువ మంది ఫెయిలయ్యేచోటు, రోజూ అద్దం ముందు నిలబడి గట్టిగా చదవండి, ఇంట్లోవాళ్లు పిచ్చి అనుకుంటే అనుకోనీండి.